స్కాన్‌లో కనిపించని దిగులును కొలిచేదెలా?

తలకు దెబ్బ తగిలి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషి గురించి, రెండు మూడు నెలలు గడిచాక ఇంట్లోవాళ్లు చెప్పే మాట చాలాసార్లు ఒకటే: "మనిషి మారిపోయాడు." ఆ ఒక్క మాటలో ఎన్నో కలిసిపోయి ఉంటాయి. చిరాకు, మతిమరుపు, రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే కళ్లలో నీళ్లు, ఎవరైనా పలకరిస్తే మొహం తిప్పుకోవడం, రోడ్డు మీదికి వెళ్లాలంటే గాభరా. వీటిలో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల నేరుగా వచ్చింది ఏది? డిప్రెషన్ ఏది? ఆందోళన ఏది? రోజూ వేసుకునే మాత్ర వల్ల వచ్చింది ఏది?

రివ్యూకి వెళితే సీటీ స్కాన్ చూస్తారు, కుట్లు మానాయో లేదో చూస్తారు, ఫిట్స్ మాత్ర కొనసాగించాలో వద్దో చెబుతారు. "మనిషి మారిపోయాడు" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి "టైమ్ పడుతుందమ్మా, కంగారు పడకండి" అనేసి తర్వాతి పేషెంట్‌ను పిలుస్తారు. ఆ మాటను కొలిచే సాధనం లేక కాదు. అది ఒకే ఒక్క కాగితం, పైసా ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని. అయితే ఆ కాగితం మీద వచ్చే అంకెను ఎలా చదవాలో తెలియకపోతే అది ఉన్నా లేనట్టే.

సమస్య ఎంత పెద్దదో ముందు చూద్దాం. అమెరికాలో సియాటెల్ నగరంలోని హార్బర్‌వ్యూ ఆసుపత్రిలో తల గాయంతో చేరిన 559 మందిని ఏడాది పాటు ఫోన్ ద్వారా పలకరిస్తూ చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. వాళ్లలో 53 శాతం మంది ఆ ఏడాదిలో ఏదో ఒక సమయంలో మేజర్ డిప్రెషన్ ప్రమాణాలకు సరిపోయారు. అంటే సగానికి పైనే. అంతకన్నా బాధ కలిగించే అంకె ఇంకోటి ఉంది. డిప్రెషన్ ఉన్నట్టు తేలినవాళ్లలో మందులో, కౌన్సెలింగో ఏదో ఒకటి అందింది 44 శాతం మందికే. అన్ని వసతులూ ఉన్న చోటే పరిస్థితి ఇది.

మన దగ్గర 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయనీ, 1,68,491 మంది చనిపోయారనీ, 4,43,366 మంది గాయపడ్డారనీ కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. చనిపోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. హెల్మెట్ లేకుండా బండి మీంచి పడితే ఏ భాగానికి దెబ్బ తగులుతుందో చెప్పనక్కర్లేదు. బతికి బయటపడినవాళ్ల మనసు సంగతి మాత్రం ఏ లెక్కలోనూ కనిపించదు.

"అంత పెద్ద ప్రమాదం జరిగితే ఎవరికైనా దిగులు ఉండదా?" అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతకాలంటే తలకు దెబ్బ తగిలినవాళ్లను, తలకు కాకుండా కాలికో చేతికో దెబ్బ తగిలినవాళ్లతో పోల్చాలి. అమెరికాలోని పలు ట్రామా సెంటర్లు కలిసి చేసిన ట్రాక్-టీబీఐ అధ్యయనం ఆ పని చేసింది. 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, స్వల్ప తల గాయమైనవాళ్లలో ఆరు నెలల తర్వాత 21 శాతం మందిలో డిప్రెషన్ గానీ, ప్రమాదం తాలూకు భయం వదలని పీటీఎస్‌డీ గానీ కనిపించాయి. ఎముకలు విరగడం లాంటి ఇతర గాయాలైనవాళ్లలో అది 12 శాతం. ప్రమాదం ఇద్దరికీ జరిగింది. తేడా ఎక్కువగా తల దగ్గరే ఉంది. పైగా ఇవి "స్వల్ప" గాయాలు. మనిషికి స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు మీద 13 నుంచి 15 వస్తే స్వల్పం అంటారు. స్కేలు మీద స్వల్పం అయినంత మాత్రాన బతుకులో స్వల్పం కాదు.

ఇక ఆ కాగితం సంగతి. డిప్రెషన్‌ను కొలవడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడే ప్రశ్నావళుల్లో ఒకటి పీహెచ్‌క్యూ-9. 2001లో ప్రచురించారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో 9 ప్రశ్నలు. పనుల మీద ఆసక్తి తగ్గడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తనమీద తనకే చిన్నచూపు, ఏకాగ్రత, కదలికలో మాటలో మందకొడితనం లేదా కుదురు లేకపోవడం, చివరగా చచ్చిపోవాలన్న ఆలోచనలు. గత రెండు వారాల్లో ఈ ఇబ్బంది అసలు లేకపోతే 0, కొన్ని రోజులు ఉంటే 1, సగం కన్నా ఎక్కువ రోజులు ఉంటే 2, దాదాపు ప్రతిరోజూ ఉంటే 3. మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం ఉందని, వివరంగా చూడాలని అర్థం.

ఇప్పుడు ఒక ఆటో డ్రైవర్‌ను ఊహించుకుందాం. 34 ఏళ్లు. తలకు దెబ్బ తగిలి పది వారాలైంది. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోంది: 3. మధ్యాహ్నానికి ఒళ్లంతా పీక్కుపోయినట్టు నీరసం: 3. పేపర్లో నాలుగు లైన్లు చదివేసరికి మొదటి లైను గుర్తుండట్లేదు: 3. మాట, నడక నెమ్మదించాయి: 3. మొత్తం 12. కానీ ఈ మనిషికి దిగులు లేదు. కూతురిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడిస్తున్నాడు, స్నేహితులు వస్తే నవ్వుతున్నాడు, "ఆటో ఎప్పుడు తీయొచ్చు సార్?" అని అడుగుతున్నాడు. కాగితం మాత్రం డిప్రెషన్ ఉండొచ్చు అంటోంది. నిద్ర, నీరసం, ఏకాగ్రత, మందకొడితనం... ఈ నాలుగూ డిప్రెషన్ లేకపోయినా తల గాయం తర్వాత వచ్చేవే. తొమ్మిదిలో నాలుగు ప్రశ్నలు రెండు జబ్బులకూ ఉమ్మడి. "ఈ పేషెంట్లలో ఈ స్కేళ్లు పనికిరావు" అనే అభ్యంతరం ఇక్కడినుంచే వచ్చింది.

ఈ అభ్యంతరం వినడానికి చాలా బలంగా ఉంది. కానీ పరీక్షించి చూస్తే అనుకున్నంత నిలబడలేదు. 2005లో 135 మంది తల గాయం పేషెంట్ల మీద పీహెచ్‌క్యూ-9ను సైకియాట్రిస్టుల పద్ధతిలో చేసే పూర్తి ఇంటర్వ్యూతో పోల్చి చూశారు. అంకెల మొత్తం బదులు వేరే నియమం పెట్టారు: తొమ్మిదిలో కనీసం ఐదు లక్షణాలు కొన్ని రోజులైనా ఉండాలి, వాటిలో దిగులు గానీ ఆసక్తి తగ్గడం గానీ తప్పనిసరిగా ఒకటి ఉండాలి. అలా చూస్తే నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్లలో 93 శాతం మందిని ఆ కాగితం పట్టుకుంది, లేనివాళ్లలో 89 శాతం మందిని సరిగ్గానే వదిలేసింది. మన ఆటో డ్రైవర్ కూడా ఈ నియమంతో బయటపడతాడు. నాలుగు లక్షణాలున్నా దిగులు లేదు, ఆసక్తీ తగ్గలేదు. 2011లో అదే బృందంలోని వాళ్లు ఇంకో అడుగు వేసి, తల గాయమైనవాళ్ల జవాబులను మామూలు క్లినిక్ పేషెంట్ల జవాబులతో ప్రశ్న ప్రశ్నకూ పోల్చారు. ఉమ్మడి లక్షణాల వల్ల ఫలితం చెప్పుకోదగినంతగా తారుమారు కావట్లేదని తేల్చారు.

కాబట్టి అంకె ఎక్కువ వస్తే "అదంతా గాయం వల్లేలే" అని కొట్టిపారేయడం తప్పు. లేని డిప్రెషన్‌ను ఉన్నట్టు చూపించడం అసలైన ప్రమాదం కాదు. ఉన్నదాన్ని చూడలేకపోవడమే ప్రమాదం. దానికి దారులు చాలా ఉన్నాయి.

మొదటిది, తనకేమైందో తనకే తెలియకపోవడం. మెదడు ముందు భాగానికి దెబ్బ తగిలితే తనలో వచ్చిన మార్పును గుర్తించే శక్తే దెబ్బతినవచ్చు. ఇది మొండితనం కాదు, దాచడం అంతకన్నా కాదు. "ఎలా ఉన్నావయ్యా?" అంటే "బాగానే ఉన్నా సార్, నాకేం?" అంటాడు. పక్కన భార్య తల అడ్డంగా ఊపుతూ ఉంటుంది. ఆ కాగితం ఇలాంటి మనిషి నింపితే సున్నాలు వస్తాయి. అందుకే ఇలాంటి చోట రెండు కాగితాలు నింపించాలి. పేషెంట్‌ది ఒకటి, దగ్గరుండి చూసుకునేవాళ్లది ఒకటి. రెండింటి మధ్య తేడా కూడా ఒక కొలతే. నెలలు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గుతుంటే, మనిషికి తన పరిస్థితి అర్థమవుతోందన్నమాట. సంతోషించాల్సిన విషయమే, కానీ జాగ్రత్తగా ఉండాల్సిన సమయం కూడా అదే. ఇక మునుపటిలా పని చేయలేనని తెలిసొచ్చినప్పుడే చాలామందిలో దిగులు మొదలవుతుంది. మొదటి నెలలో సున్నా వచ్చిందని ఫైలు మూసేస్తే, ఆరో నెలలో వచ్చేది ఎవరికీ కనిపించదు.

అలాగని ఇంట్లోవాళ్ల కాగితమే అసలైనదనీ అనుకోకూడదు. ఆరు నెలలుగా నిద్ర లేకుండా, అప్పులు చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ ఉన్న భార్యకో తల్లికో తన దిగులే తనకు బరువు. ఆ బరువుతో చూసినప్పుడు ఎదుటిమనిషి దిగులు ఇంకాస్త పెద్దదిగా కనిపించవచ్చు. నిజానికి ఆమె కోసం కూడా ఒక కాగితం ఉండాలి. "నీకెలా ఉందమ్మా?" అని అడిగేవాళ్లే ఉండరు.

రెండోది, డిప్రెషన్‌లా కనిపించే ఉదాసీనత. పొద్దున కుర్చీలో కూర్చోబెడితే సాయంత్రం దాకా అలాగే ఉండే మనిషి. తినమంటే తింటుంది, టీవీ పెడితే చూస్తుంది, ఆపేస్తే ఎందుకు ఆపారని అడగదు. బాధ లేదు, కోరికా లేదు. దీన్ని వైద్యంలో యాపతీ అంటారు. దానికి వేరే స్కేళ్లు ఉన్నాయి. రెండింటినీ విడదీయడానికి పీహెచ్‌క్యూ-9 మొదటి ప్రశ్న ఒక్కటే సరిపోదు, దాని వెనుక ఇంకో ప్రశ్న వేయాలి. "పనులు చేయాలని ఉండి ఓపిక చాలట్లేదా? అసలు చేయాలనే అనిపించట్లేదా? అలా అనిపించకపోవడం నీకు బాధగా ఉందా?" మూడో ప్రశ్నకు వచ్చే జవాబులో చాలా తెలుస్తుంది. బాధగా ఉందంటే అడుగున డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ. బాధే లేదంటే అది మెదడులో పనిని మొదలుపెట్టించే యంత్రాంగం దెబ్బతినడం కావచ్చు. రెంటికీ వైద్యం ఒకటి కాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఇంకొకటి ఉంది. టీవీలో ఎవరిదో పెళ్లి చూపిస్తే చాలు, భోరుమని ఏడుపు. నిమిషంలో ఆగిపోతుంది. "ఎందుకు ఏడ్చావు?" అంటే "తెలీదు, బాధేం లేదు" అంటారు. కొందరిలో ఏడుపు బదులు నవ్వు వస్తుంది, అదీ చావు ఇంట్లో. నలుగురిలో తలవంపులుగా అనిపించి ఇంట్లోవాళ్లు ఆ మనిషిని బయటికి తీసుకెళ్లడమే మానేస్తారు. ఇది ఏడుపును అదుపు చేసే నాడీ మార్గాలకు తగిలిన దెబ్బ. దిగులుకు కొలత కాదు. కన్నీళ్లను చూసి డిప్రెషన్ అనుకోవడం ఎంత తేలికో, కన్నీళ్లు లేవు కాబట్టి డిప్రెషన్ లేదనుకోవడం కూడా అంతే తేలిక.

ఆందోళన విషయానికి వస్తే జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల కాగితం ఉంది. 2006లో వచ్చింది. మొత్తం 21, ఇక్కడా పదే గీత. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో తల గాయం తర్వాత మేజర్ డిప్రెషన్ వచ్చినవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి ఆందోళన కూడా ఉంది. అంటే ఒక కాగితం ఇచ్చినప్పుడు రెండోదీ ఇవ్వాల్సిందే. అయితే జీఏడీ-7 అడిగేది అన్నిటి గురించీ ఉండే టెన్షన్ గురించి. ప్రమాదం నుంచి బయటపడ్డ మనిషి భయం చాలాసార్లు ఒకే చోట ఉంటుంది. బండి ఎక్కడు, లారీ హారన్ వినిపిస్తే వణుకుతాడు, ఆ మలుపు ఉన్న రోడ్డును తప్పించి నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వెళ్తాడు. ఇంట్లో కూర్చున్నంతసేపూ టెన్షన్ ఉండదు కాబట్టి మార్కులు తక్కువే వస్తాయి. భయపెట్టేవాటిని తప్పించుకుంటున్నందుకే మార్కులు తగ్గాయని ఆ అంకె చెప్పదు. "ప్రమాదానికి ముందు వెళ్లి ఇప్పుడు వెళ్లని చోటు ఏదైనా ఉందా?" అన్న ప్రశ్న కలిపితేనే అది బయటపడుతుంది. చిరాకు కూడా జీఏడీ-7లో ఒక ప్రశ్నే, తల గాయంలో అది మామూలు లక్షణం. ఆ ఒక్కదాని మీద ఆధారపడకూడదు.

ఇక భాష. ఆందోళననూ డిప్రెషన్‌నూ కొలవడానికి ఆసుపత్రుల కోసమే 1983లో తయారైన హాడ్స్ అనే స్కేలు తల గాయం పరిశోధనల్లో చాలాకాలంగా వాడుకలో ఉంది. నిద్ర, ఆకలి లాంటి శారీరక లక్షణాలను కావాలనే వదిలేశారు కాబట్టి ఇది మేలనుకున్నారు. కానీ దాని డిప్రెషన్ భాగంలో "నేను నెమ్మదించినట్టు అనిపిస్తోంది" అనే అర్థం వచ్చే ప్రశ్న ఉంది. తలకు దెబ్బ తగిలినవాళ్లు నిజంగానే నెమ్మదిస్తారు, అది అనిపించడం కాదు. ఆందోళన భాగంలో ఇంకొక చిక్కు. కడుపులో సీతాకోకచిలుకలు ఎగిరినట్టు భయం వేస్తుందా అని అడుగుతుంది. ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే పేషెంట్ మొహం చూస్తాడు. "కడుపులో తిప్పినట్టు ఉంటుందా" అని మారిస్తే వాంతి వచ్చినట్టు ఉందా అని అడిగినట్టవుతుంది. తల గాయమైనవాళ్లకు కళ్లు తిరగడం, వికారం ఎలాగూ ఉంటాయి, అవునంటారు. తెలుగువాళ్ల భయం ఉండేది గుండెలో: "గుండెల్లో దడ." ఒక్క మాట మారితే కొలిచేదే మారిపోతుంది.

మన భాషలో బాధ చెప్పుకునే తీరు వేరు. డిప్రెషన్ ఉందని ఎవరూ అనరు. "తల దిమ్ముగా ఉంది", "మనసు మనసులో లేదు", "ఏమీ తోచట్లేదు", "ఒంట్లో సత్తువ లేదు", "కాళ్లూ చేతులూ ఆడట్లేదు" అంటారు. ఇందులో "తల దిమ్ముగా ఉంది" అన్నదాన్ని వినగానే డాక్టరు స్కాన్ వైపు చూస్తారు. ఒక్కోసారి అది దిగులు మాట. అది ఎప్పుడు ఎక్కువవుతుంది, తలనొప్పితో పాటా, ఒంటరిగా ఉన్నప్పుడా అని అడిగితే కొంత తేలుతుంది.

"గత రెండు వారాల్లో" అన్న గడువు కూడా జ్ఞాపకశక్తి దెబ్బతిన్న మనిషికి కొండంత కష్టం. నిన్న ఏం తిన్నదీ గుర్తులేని మనిషి పద్నాలుగు రోజుల్లో ఎన్ని రోజులు దిగులుగా ఉన్నదీ ఎలా చెబుతాడు? అలాంటప్పుడు ఆనవాళ్లు ఇవ్వాలి. పోయిన సంత రోజు, పెద్దమ్మ ఇంటికి వచ్చిన రోజు, పింఛను తీసుకున్న రోజు, అప్పటినుంచి ఇప్పటిదాకా అని. ప్రశ్నలు చదివి వినిపించాలి. ఒక్కొక్కటిగా, ఆగి ఆగి. నాలుగు జవాబులను గీతల మీదో, నాలుగు గ్లాసుల్లో నీళ్ల బొమ్మలతోనో చూపిస్తే తేలిక. ఇంకా తికమకగా ఉండి, రోజూ వారమూ తెలియని దశలో ఈ కాగితం పెట్టనే కూడదు. ముందు ఆ దశ దాటిందని రూఢి చేసుకోవాలి. దెబ్బ వల్ల మాటే పడిపోయినవాళ్లకు, వాళ్లే జవాబు చెప్పాల్సిన ఏ ప్రశ్నావళీ పనికిరాదు. స్ట్రోక్ పేషెంట్ల కోసం తయారైన, చూసుకునేవాళ్లు గమనించి నింపే పద్ధతులు ఇక్కడ కొంత ఆదుకుంటాయి.

తొమ్మిదో ప్రశ్న గురించి విడిగా చెప్పాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అన్నది అత్తమామల ముందు, పిల్లల ముందు అడిగితే "లేదు" తప్ప ఇంకో జవాబు రాదు. మిగతా ఎనిమిదీ ఎవరి ముందు అడిగినా, ఇది మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాల్సిందే. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంది. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారన్నదే చాలామందికి ఊరట. జవాబు 1 అయినా సరే, మొత్తం మార్కులు ఎంతైనా సరే, అక్కడే ఆగి అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. అది కుదరని చోట, రాత్రీ పగలూ తెలుగులో కూడా మాట్లాడే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం.

మందుల సంగతి చివరికి మిగిలింది గానీ, ముందు చూడాల్సింది అదే. తల గాయం తర్వాత ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసిటమ్ మాత్ర కొందరిలో చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. మార్కులు పెరిగిన తేదీ పక్కన ఆ మాత్ర మొదలుపెట్టిన తేదీ, డోసు పెంచిన తేదీ రాసి చూస్తే ఒక్కోసారి విషయం అక్కడే దొరుకుతుంది. డాక్టరును అడగకుండా ఆ మాత్ర ఆపితే ఫిట్స్ రావచ్చు కాబట్టి ఆపకూడదు, కానీ అడగాలి. అలాగే దెబ్బ వల్ల మెదడు అడుగున ఉండి హార్మోన్లను విడుదల చేసే పిట్యూటరీ గ్రంథి పని మందగించినా విడవని నీరసం ఉంటుంది, రక్త పరీక్షల్లో తెలుస్తుంది.

ఇందుకే ఒక్కసారి తీసిన అంకె కన్నా వరుసగా తీసినవాటికి విలువ ఎక్కువ. ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల, ఏడాది. అదే కాగితం, వీలైతే అడిగేదీ అదే మనిషి. పీహెచ్‌క్యూ-9లో 5 మార్కుల తేడా వస్తే నిజమైన మార్పు కింద లెక్క. సియాటెల్‌లో చేసినట్టు ఫోన్‌లోనూ అడగవచ్చు, ఊరి నుంచి బస్సెక్కి రావాల్సిన పనిలేదు. ఆసుపత్రి అడగకపోతే ఇంట్లోవాళ్లే మొదలుపెట్టవచ్చు. ఒక నోటుబుక్కు, తేదీ, ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఎవరితో మాట్లాడాడు, ఎక్కడికి రానన్నాడు, ఏ మాత్ర మారింది. రివ్యూ గదిలో "మనిషి మారిపోయాడు" అని చెప్పడానికి దొరికే రెండు నిమిషాల్లో, ఆ పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే డాక్టరు చదువుతారు.